కప్పుల చెక్క

"దుమ్ము పడుతుంది అత్తయ్యా. బొద్దింకలు తిరుగుతాయి. ఎన్నిసార్లని చెప్పను?" అంది శాలిని, వంటగది గోడకున్న చెక్క మీంచి ఒక కప్పు తీసి, అడుగున వేలితో రాసి చూపిస్తూ.

"కడుక్కుని తాగితే ఏం పోయింది? ఇల్లంతా తలుపులు పెట్టించుకో, కాదన్ను. నా కప్పుల చెక్క జోలికి మాత్రం రాకు" అంది అమలమ్మ.

వడ్రంగి కొలతలు తీసుకెళ్ళినప్పటి నుంచీ ఇదే గొడవ. వంటగదంతా కబోర్డులు చేయించాలని కోడలి ముచ్చట. ఏటా మేరీమాత పండక్కి పామర్రు నుంచి బంధువులంతా గుణదలలో ఈ ఇంట్లోనే దిగుతారు. ఎవరికి వాళ్ళే చెయ్యి చాపి, అందిన కప్పు తీసుకుని టీ పోసుకుంటారు. రేపు తలుపులొస్తే కప్పు కోసం ఎవర్నో ఒకర్ని అడగాలి. అదే అమలమ్మకి మింగుడు పడటం లేదు.

కొడుకు అంతోని ఎటు మాట్లాడినా తనకే తగులుతుందని పేపరు చాటున కూర్చున్నాడు.

"అసలు కబోర్డంటే ఏంటే?" అని మనవరాలిని అడిగింది అమలమ్మ.

దీవెన ఫోన్లో చూసి పకపకా నవ్వింది. "కప్పులు పెట్టుకునే చెక్క, నానమ్మా! ఇంగ్లండులో మొదట అంతేనట. తలుపులు తర్వాతొచ్చాయట."

"విన్నావా అమ్మాయ్? అసలు కబోర్డు నాదే!"

శాలినికీ నవ్వొచ్చింది. కూతురి చేతిలో ఫోను లాక్కుని తనూ చదివింది. "గొప్పవాళ్ళు వెండి కప్పులు నలుగురికీ కనబడాలని పెట్టేవాళ్ళట. మనకి చూపించడానికేముంది అత్తయ్యా, పిడి ఊడిన కప్పులా?"

అమలమ్మ నవ్వలేదు.

"మా నాన్నా చూపించడానికే చేయించాడమ్మా. అప్పట్లో మా ఊరి టీకొట్లో మనవాళ్ళ గ్లాసులు వేరే, చూరు కింద. తాగి, మనమే కడిగి, అక్కడే పెట్టాలి. మా ఇంట్లో ఎవరికీ వేరే గ్లాసు లేదని గుమ్మంలోంచే తెలియాలనేవాడు నాన్న. నేను కాపురానికొస్తుంటే ఆ చెక్క ఊడదీసి నాతో పంపాడు."

అంతోని పేపరు దించాడు. అమ్మ నోట ఈ మాట అతనూ ఎప్పుడూ వినలేదు.

శాలిని చేతిలో కప్పు కడిగి, తుడిచి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నాక, అత్తగారి కంచంలో గోంగూర పప్పు వేస్తూ, ఎవరి మొహమూ చూడకుండా మెల్లగా అంది:

"తలుపులు గిన్నెలకీ డబ్బాలకీ. కప్పులకి వద్దు. వడ్రంగికి నేనే చెప్తాను."