రొసాండా పిడికిలి

ఆస్పత్రి దుప్పటిని రెండో మెలి తిప్పుతుండగా రొసాండా కుడిచేతి వేళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. ఎడమచేత్తో ఒక్కో వేలే విప్పుకుంది. ఏళ్ల తరబడి బూడిదనీళ్లలో నానిన ఆ చేతులు ఎర్రగా వాచి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. చలి మొదలైతే చాలు, ముడుచుకున్న వేళ్లు ముడుచుకున్నట్టే ఉండిపోతాయి. ఆస్పత్రి బట్టలు ఇంటికి తెచ్చి ఉతకడం ఆమె పని. ఆదివారమైనా అక్కడ రోగులు పక్కలు తడపడం మానరు కదా, తొట్టెడు బట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"ఏమే, ఇంకా ఆ తొట్టి దగ్గరేనా?" మొగుడు గ్వొజ్దెన్ గడపలో నిలబడి టోపీ సర్దుకుంటున్నాడు. "గుర్తుందిగా? మొదటి పెట్టె. రెండోదాంట్లో చెయ్యి ఊరికే పెట్టి తియ్యి. ఆ గుడ్డి పెట్టెలో వేశావో, మన కొంప మునుగుతుంది."

"గుర్తుందిలే."

అతను చెడ్డవాడు కాదు, భయస్థుడు. కిందటేడు మొక్కజొన్న వొలిచే రోజుల్లో తుపాకులవాళ్లొచ్చి రొసాండా తమ్ముడు రదోయ్కోని "రెండు మాటలడిగి పంపిస్తాం" అని తీసుకెళ్లారు. పిండిమర నడుపుకునేవాడు, పిండి అంటిన చొక్కాతోనే వెళ్లాడు. ఏ ఆఫీసుకెళ్లి అడిగినా తెలీదన్నారు. తల్లి పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచింది రొసాండాయే. ఇవాళ్టి ఓట్లలో మొదటి పెట్టె మీదున్నవి ఆ తెలీదన్నవాళ్ల పేర్లే. ఏ పేరూ లేనిది రెండో పెట్టె, వాళ్లు వద్దనుకునేవాళ్లకి. దాన్నే జనం గుడ్డి పెట్టె అంటున్నారు.

రొసాండాని అడిగి ఎవరూ పెళ్లి చెయ్యలేదు. అడిగి యుద్ధాలు రాలేదు. సెర్బియాలో ఆడవాళ్లు ఓటెయ్యడం ఇదే మొదలు. అరవయ్యేళ్లకి మొదటిసారి నీకేం కావాలని ఎవరో అడుగుతున్నారు. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పాలని ఆమె ఎప్పుడో నిశ్చయించుకుంది.

బడి ముందు జెండాలు, వరసగా ఆడవాళ్లు, వాళ్ల వెనక మొగుళ్లు. పక్కింటి లెపొసావా వెనక్కి తిరిగి, "వదినా, పిడికిలి ఎలా బిగించాలో రాత్రంతా మా ఆయన నేర్పాడు. ఇన్నేళ్లూ ఆయన పిడికిలి నేను చూడనట్టు!" అంది. ముందున్నవాళ్లు విరగబడి నవ్వారు. రొసాండా కూడా నవ్వింది.

లోపల చీటీలు లేవు. చేతిలో ఒక చిన్న రబ్బరు బంతి పెడతారు. దాన్ని పిడికిట్లో దాచి, రెండు పెట్టెల్లోనూ చెయ్యి పెట్టి, ఏదో ఒకదాంట్లో ఎవరికీ తెలియకుండా వదలాలి. చివర ఖాళీ అరచెయ్యి చూపించాలి.

మొదటి పెట్టెలో చెయ్యి పెట్టింది, తీసింది. గుడ్డి పెట్టెలో పెట్టింది. ఒరే నాన్నా, ఇది నీకోసమేరా అనుకుని వేళ్లు విప్పబోయింది. వేళ్లు వదల్లేదు. పళ్లు బిగించింది. చిటికెన వేలు కూడా కదల్లేదు. ఎడమచెయ్యి పెట్టడానికి కన్నం చాలదు. బయటికి తీసి విప్పుకుందామంటే, మొదటి పెట్టెలో వెయ్యలేదని అందరికీ తెలిసిపోతుంది. వెనకే గ్వొజ్దెన్ దగ్గుతున్నాడు.

"కానీ పెద్దమ్మా, జనం ఆగారు," అంది బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి.

రొసాండా చెయ్యి బయటికి తీసింది. అప్పుడే బయట బ్యాండు మొదలైంది. ఆ అమ్మాయి సంబరంగా లేచి వచ్చి, బిగిసిన ఆ పిడికిలినే రెండు చేతులతో పట్టుకుని ఊపింది. అరచెయ్యి చూడటం మరిచిపోయింది. "ఈరోజు నుంచి నీ మాటకీ విలువుంది, పెద్దమ్మా!"

దారిలో గ్వొజ్దెన్ గొంతు తగ్గించి అడిగాడు. "మొదటిదాంట్లోనేగా?"

"ఊఁ."

"బతికించావ్."

ఆమెకి ఏడుపొచ్చింది. గాలికి కళ్లు మండుతున్నాయని చెప్పింది.

ఇంటికొచ్చి వేణ్ణీళ్లు కాచి తొట్టిలో పోసి, మిగిలిన దుప్పట్లు నానేసింది. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. ముక్కాలిపీట మీద కూర్చుని పిడికిలి నీళ్లలో ముంచింది. కాసేపటికి బొటనవేలు వదిలింది. తర్వాత మిగిలినవి, ఎవరూ అడక్కుండానే, ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. బడి దగ్గర పెట్టెలకి అప్పటికే సీలు వేసేశారు.

గ్వొజ్దెన్ బీన్సు పులుసు చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి తనే లేచి వచ్చాడు. తొట్టి అంచుకి తల ఆనించి ఉంది రొసాండా. భుజం పట్టుకుని కదిపాడు, పేరు పెట్టి పిలిచాడు. ఊపిరి లేదు. చెంపలు మాత్రం ఇంకా ఆవిరికి వెచ్చగానే ఉన్నాయి.

లెపొసావా, మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమెను లోపలికి చేర్చారు. గ్వొజ్దెన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. దుప్పట్లు పిండి, తీగ మీద వేసి, తొట్టి వంచి నీళ్లు పారబోశాడు. నీళ్లన్నీ పోయాక, తొట్టి అడుగున చెక్క సందులో, నల్లటి రబ్బరు బంతి ఒకటి ఆగి ఉంది.