కరెంటు ఉన్నంతసేపే

కూర్మమ్మ పదిహేనో ఏట నుంచి నెత్తిన చేపల గంపతో ఊళ్లు తిరిగిన మనిషి. కళింగపట్నం రేవులో తెల్లవారే చేపలెత్తుకుంటే, ఎండ ముదిరేలోగా నాలుగు ఊళ్లు చుట్టి వచ్చేది. 2016 వేసవిలో, యాభై రెండో ఏట, గంప దించబోతూ కూలబడిపోయింది. పక్షవాతం. ఎడమ పక్కంతా పడిపోయింది.

మొగుడు లక్ష్ముడు చేపల వేట మానేసి ఆమె దగ్గరే ఉండిపోయాడు. ఎనిమిది నెలలకు అతని భుజం పట్టుకుని నిలబడగలిగింది గానీ, అడుగు వేయబోతే పాదం వేలాడిపోయి, వేళ్లు నేలకు రాసుకుని తూలిపోయేది.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ ఫిజియోథెరపీ చేసే పద్మకుమారి ఒక చిన్న మిషను తెచ్చింది. మోకాలి కింద రెండు ప్యాడ్లు అతికించి, "సన్నగా కరెంటు వస్తుందమ్మా, చీమలు పాకినట్టుంటాది," అని మీట నొక్కింది.

పాదం పైకి లేచింది.

ఆ రోజు కూర్మమ్మ గోడ పట్టుకుని పదకొండు అడుగులు వేసింది. లక్ష్ముడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఊరికెళ్లి కనపడినవాళ్లందరికీ చెప్పాడు.

మూడు నెలలు తిరిగారు. కరెంటు ఉన్నంతసేపు పాదం లేచేది. ప్యాడ్లు తీయగానే మళ్లీ వాలిపోయేది.

"కాలు లేస్తంది మావా. నాను మాత్రం లేపట్నేదు," అంది ఒకరోజు కూర్మమ్మ.

"మనసెట్టవు. అదే నీ రోగం," అని కసిరాడు లక్ష్ముడు.

అతను బతిమాలితే పద్మకుమారి రెండు రోజులు ఉంచుకోమని మిషను ఇంటికిచ్చింది. వాకిట్లో కూర్మమ్మ బాగానే నడిచింది. ఒడ్డు దాకా నడిపించాలని అతని ఆశ. ఇసకలో నాలుగు అడుగులు వేసిందో లేదో, చెమటకు ప్యాడు జారిపోయింది. అందరూ చూస్తుండగా బోర్లా పడింది. లేపబోతే చెయ్యి విదిలించుకుంది.

"ఇంక నన్నొగ్గీ మావా."

మర్నాడు లక్ష్ముడు ఒక్కడే మిషను తిరిగివ్వడానికి వెళ్లాడు. పద్మకుమారి దాచలేదు.

"కొందరికి కొన్నాళ్లకి కరెంటు లేకపోయినా కాలు లేస్తాది. ఈవిడకి ఆ జాడ కనపడలేదు. ఇంక వస్తాదని నేను చెప్పలేను బాబాయ్."

అతను పంచె మోకాలి పైకి లాక్కుని, "ఒక్కపాలి నాకెట్టమ్మా," అన్నాడు.

ఆమె ప్యాడ్లు అతికించి మీట నొక్కింది. అతని పాదం దానంతటదే లేచింది, వాలింది, మళ్లీ లేచింది. ఆపుదామని బిగబట్టినా ఆగలేదు. తన కాలును ఎవరిదో చూసినట్టు చూశాడు.

"ఇలాగుంటాదేటి?" అన్నాడు. "తీసీమ్మా. నానెన్ని తిట్టేనో మా ఇంటిదాన్ని."

ఇంటికొచ్చేసరికి కూర్మమ్మ గోడకు చేరగిలబడి ఉంది.

"ఏటందా తల్లి?"

"ఏటీ అన్నేదు," అన్నాడు లక్ష్ముడు. ఆమె ఎడమ కాలును ఒళ్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లో ఇంకా మిగిలిపోయిన ఇసక దులపసాగాడు. ఆ స్పర్శ ఆమెకు తెలియడం లేదని అతనికి తెలుసు.