ఎల్వాన్ నేర్పిన వీడ్కోలు

నెజీహె మాపుకర్రను బకెట్టులో ముంచి, గట్టిగా పిండి, మూడో అంతస్తు వరండాను వెనక్కి నడుస్తూ తుడుచుకొస్తోంది. తన అడుగుల జాడ తనే చెరిపేసుకోవాలి కాబట్టి వెనకడుగు ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. పొట్టి మనిషి. మోకాళ్లు అరిగిపోయి, మలుపు దగ్గర ఒక చెయ్యి గోడకు ఆనించక తప్పదు. తలగుడ్డ మెడ వెనక ముడివేసి, నీలం కోటు చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. బ్లీచింగు నీళ్లకు వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు తేలి ఉన్నాయి.

గెంట్ ఊళ్లో ఆ బడికి వచ్చే పిల్లల్లో సగం మంది టర్కీ వాళ్ల పిల్లలే. వాళ్లలో చాలామందికి ప్రతి బుధవారం మధ్యాహ్నం, బడి ఒక్క పూటకే వదిలాక, మసీదు మేడమీది గదిలో ఖురాన్ చదవడం నేర్పేది కూడా ఈ నెజీహెనే. అక్కడ ఆమె హోజమ్మ, అంటే గురువమ్మ. పిల్లలు వరసలో వచ్చి, ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుని కూర్చుంటారు. ఇక్కడ మాపుకర్రతో ఎదురైతే అదే పిల్లలు గోడమీది బొమ్మల్ని మహా శ్రద్ధగా చూసుకుంటూ తప్పుకుంటారు. తనకేం బాధ లేదని ఆమె అనుకుంటుంది గానీ, ఉంది.

చివరి గది గోదలీవె టీచరుది. పొడుగ్గా, సన్నగా, కర్ర అడుగుల చెప్పులతో టకటకమంటూ తిరిగే మనిషి. ఆవిడ క్లాసు తుడవడం సుఖం. ఇంటికి వెళ్లేముందు పిల్లలందరి చేత కుర్చీలు బల్లలమీదికి ఎక్కించే టీచరు ఆ బడి మొత్తానికి ఆవిడొక్కతే. "కింద తుడిచేది కూడా మనిషే" అని ఆవిడ అనడం నెజీహె చెవులారా విన్నది. ఈ రోజు బుధవారం, ఈ రోజుతో ఆవిడ ఉద్యోగం ముగుస్తుంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. "మీ మీ ఇంటి భాషలో నాకో వీడ్కోలు చెప్పండి. నేర్చుకుని వెళతాను" అంటోంది టీచరు.

మసీదు గదికీ వచ్చే ఎల్వాన్ లేచింది. రెండు జడలు, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, టర్కీ భాషలో అంది: "పీడ విరగడైంది, ఇంక రాకు."

వెనక బెంచీల్లో పిల్లలు పెదవులు బిగబట్టారు.

"దాని అర్థం?"

"క్షేమంగా వెళ్లి సుఖంగా ఉండండి అని, టీచర్."

టీచరు ఆ మాటను రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. ఎల్వాన్ సరిదిద్దింది. సరిగ్గా పలికేసరికి క్లాసంతా ఘొల్లుమంది. తన గెలుపుకే నవ్వుతున్నారనుకుని ఆవిడా నవ్వింది.

గంట కొట్టాక టీచరు వరండాలోకి వచ్చి, నెజీహెను చూసి, ముఖమంతా వెలిగిపోతూ ఆమె భాషలోనే అంది: "పీడ విరగడైంది, ఇంక రాకు!"

నెజీహెకు నవ్వు ఆగలేదు. మాపుకర్ర పట్టుకుని వంగిపోయి మరీ నవ్వింది.

"సరిగ్గా పలికానా?"

"చాలా బాగా, మేడమ్."

"సాయంత్రం మా అక్క కారు తెస్తుంది. ఇంక ఓస్టెండ్‌లో, సముద్రం దగ్గరే ఉంటాం. మా మెట్ల కిందే మీవాళ్ల రొట్టెల కొట్టుంది. వాళ్లకు రోజూ ఇదే చెప్తాను."

టకటకమని ఆవిడ మెట్లు దిగిపోయింది. నెజీహె నవ్వు గొంతులోనే ఆరిపోయింది.

మధ్యాహ్నం మసీదు గదిలో పిల్లలు వరసకట్టారు. ఎల్వాన్ వంతు వచ్చేసరికి నెజీహె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏంటి హోజమ్మా?"

"పొద్దున గోదలీవె టీచరుకి ఏం నేర్పావో వీళ్లందరికీ చెప్పు."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఎల్వాన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఊరికే సరదాకి. ఆమెకి అర్థం కాలేదులెండి."

"నమాజు తప్పితే దేవుడితో తేల్చుకోవచ్చు తల్లీ. మనిషిని అవమానిస్తే ఆ మనిషే క్షమించాలి, ఆ మనిషి బదులు దేవుడు కూడా క్షమించడు. ఆమె సాయంత్రం వెళ్లిపోతోంది. రేపు ఎక్కడ వెతుకుతావ్?"

"ఆమె మన హోజా కాదుగా. ముస్లిమే కాదు."

"ఎక్కాలు నీకెవరు నేర్పారు? మీ అమ్మమ్మా?"

గది నవ్వింది. ఎల్వాన్ నవ్వలేదు. గడ్డం ముందుకు పెట్టి అంది: "మీరూ నవ్వారుగా. మెట్ల దగ్గర్నుంచి చూశాను."

నెజీహె ముఖంలోకి రక్తం ఎగదన్నింది. పెద్దలు గదిలోకి వస్తే లేచి నిలబడాలని, గురువు ముందు గొంతు తగ్గించాలని ఇన్నేళ్లుగా వీళ్లకు చెప్పుకొస్తున్న నోరు, ఇప్పుడు ఒక్క మాటకూ తెరుచుకోలేదు. కాదనొచ్చు, కసరొచ్చు. పిల్ల నోరు మూసుకుంటుంది, కానీ ఆ పైన తను చెప్పిన ఏ పాఠమూ అక్కడున్న ఒక్క బిడ్డ మనసుకూ ఎక్కదు.

"నవ్వాను," అంది చివరికి. "తప్పు నాదే పెద్దది. లే, ఇద్దరం వెళదాం."

మిగతా పిల్లల్ని ఇమాం గారి భార్యకు అప్పజెప్పి, ఎల్వాన్ చెయ్యి పట్టుకుని బయల్దేరింది. దారిలో ఆ పిల్ల మెల్లగా అడిగింది: "ఆ మాటకి అర్థం చెప్పకుండా, ఊరికే క్షమించమంటే చాలదా?"

"నాకూ అదే బాగుంటుందనిపిస్తోంది. మరి ఆవిడ ఆ రొట్టెల కొట్లో రోజూ అదే అంటే?"

ఎల్వాన్ నెజీహె చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

బడిలో, తన గదిలో టీచరు అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుకుంటోంది. కిటికీ కింద కారులో వాళ్లక్క అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. వీళ్లను చూడగానే టీచరు సంబరంగా నోరు తెరిచింది, ఆ మాటే అనబోయింది. నెజీహె గబగబా వెళ్లి ఆవిడ చెయ్యి అందుకుని, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది. ఎల్వాన్ గుడ్లప్పగించి చూసింది. హోజమ్మ ఇంకొకరి చేతిమీదికి వంగడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

"మేడమ్, పొద్దున మాట, మంచి మాట కాదు. నాకు తెలుసు. తెలిసి నవ్వాను. క్షమించండి." ఆ ఊరి భాష ఫ్లెమిష్ ఆమెకు వచ్చింది అంతే.

టీచరు ఎల్వాన్ వైపు తిరిగింది. "మరి అర్థమేమిటి?"

ఎల్వాన్ నేల చూస్తూ చెప్పింది.

టీచరు పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. ఆ చిన్న కుర్చీలో ఆవిడ మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. "అందుకా అందరూ నవ్వారు. నేను సరిగ్గా పలికానని అనుకున్నాను" అంది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది నెజీహెకు.

ఎల్వాన్ ముందుకు వచ్చి ఆ చెయ్యి తీసుకుంది. ముద్దుపెట్టుకునేటప్పుడు కన్నీళ్లు ఆ చేతిమీదే పడ్డాయి. "నేను మీకు పడ్డ బాకీ వదిలెయ్యండి, టీచర్. వెళ్లేవాళ్లతో మా ఇళ్లలో అనే మాట ఇదే. ఈసారి నిజంగా ఇదే."

టీచరు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నొప్పిగానే ఉంది," అంది తర్వాత. "అయినా వదిలేశాను. ఏదీ, దాన్ని మీ భాషలో చెప్పు. నెమ్మదిగా."

ఎల్వాన్ ముక్కు తుడుచుకుని మాట మాటా విడదీసి పలికింది. టీచరు తప్పు పలికింది. "అలా కాదు టీచర్, నాలుక పైకి." మళ్లీ తప్పింది. నాలుగో ప్రయత్నమో ఐదోదో, కుదిరింది. అప్పుడు ఆవిడ లేచి నెజీహె ముందు నిలబడి, ఆమె ముడతల వేళ్లు రెండు చేతుల్లోకి తీసుకుని ఆ మాటే అంది.

"నాకు మీరేం బాకీ, మేడమ్?"

"ఇన్నేళ్లలో మీ పేరు అడగలేదు."

"నెజీహె," అంది ఆమె. "వదిలేశాను."

కింద కారు హారను మోగింది. ముగ్గురూ పెట్టెలు మోసుకుని దిగారు. టీచరు ఎల్వాన్ తల నిమిరి ముందు సీట్లో కూర్చుంది. కారు కాలువ వంతెన దాటి, ట్రాము చాటున పడి, కనబడకుండా పోయింది.

గదికి తాళం వెయ్యడానికి ఇద్దరూ మళ్లీ పైకి ఎక్కారు. తలుపు దగ్గర ఎల్వాన్ ఆగింది. "హోజమ్మా, టీచర్ మర్చిపోయింది" అంది. టీచరు కుర్చీ వీపున బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది, మోచేతుల దగ్గర సుద్దపొడి తెల్లగా అంటుకుని.