చివరి మడత

ఇలా రా తల్లీ, ఆ ఫోను పక్కన పడేసి ఈ దుప్పటి అవతలి చివర పట్టుకో. మడత పూర్తయ్యేలోపు నీకో సంగతి చెబుతాను. ఎంత ఆశ చూపిస్తే మనిషి ఎంత పని చేస్తాడని పెద్ద చదువుల వాళ్లు పరిశోధన చేస్తారట కదా, నువ్వే చెప్పావు. అలాంటి పరిశోధనలో ఒకప్పుడు నేనూ ఉన్నాను, నమ్ముతావా?

అప్పుడు నేను ఆస్పత్రి బట్టలుతికే లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేదాన్ని. మీ నాన్న చంటివాడు, రాత్రి కన్ను మూయనిచ్చేవాడు కాదు. తెల్లారితే వంట, అంట్లు, వాడి గుడ్డలు. పనిలోకి వెళ్లేసరికే భుజాలు పీకేవి. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్తగారు, "వచ్చారా మహారాణిగారు, ఉద్యోగం వెలగబెట్టి!" అనేది. మీ తాతయ్య చెడ్డవాడేం కాదు. "నీ జీతం బస్సులకే చాలట్లేదు. ఈ నెలా ఇంతే అయితే మానెయ్. ఇంట్లో నీకు పనేముంది, హాయిగా ఉండొచ్చు," అన్నాడు. హాయట! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ మాట విని స్నానాలగదిలో నీళ్లు వదిలి ఏడ్చాను. ఆ లాండ్రీలో ఆవిరి, యంత్రాల హోరు, వాటిని మించి ఆడవాళ్ల కేకలు... అక్కడొక్కచోటే ఎవరి కోడలుగానో, ఎవరి పెళ్లాంగానో కాకుండా నన్ను నన్నుగా పిలిచేవాళ్లు. అది పోతే నాకేం మిగులుతుంది?

సరిగ్గా అప్పుడే దిగింది ఓ కళ్లజోడమ్మాయి, పరిశోధన అంటూ. మాకు తలా ఒక రేకు డబ్బా ఇచ్చింది. దుప్పటికో గుండీ. చివరి మడత ఎవరు వేస్తే గుండీ వాళ్ల డబ్బాలో పడాలి. నెలాఖరుకి డబ్బా గీత దాకా నిండితే జీతం మీద అదనం. నాకది దక్కేదెలా? దుప్పటికి ఇద్దరు కావాలి కదా, నా జోడీ పొడుగక్క, మా ఇంటి గోలంతా తెలిసిన మనిషి. లాండ్రీ మొత్తానికి చురుకైన చేతులు ఆవిడవే. నేను మూల సర్దుకునేలోపు ఆవిడ మడత ముగించేసేది.

మొదటిరోజు గుండీలన్నీ ఆవిడకే పడ్డాయి. రెండోరోజు చూస్తే, అన్ని మడతలూ వేసి, ఆఖరిదాని దగ్గర ఆగి, దుప్పటి నా చేతుల్లోకి తోసేసింది.

"ఇదిగో పిల్లా, నువ్వు వెయ్."

"అదేంటక్కా, నీ గుండీ పోతుందిగా!"

"నా డబ్బాకి ఆకలి లేదులే. మాట్లాడకుండా వెయ్, లేకపోతే దుప్పట్లో చుట్టేస్తా నిన్ను!"

నెలంతా అంతే. నా డబ్బా గీత దాటింది. ఆవిడది అడుగునే ఉండిపోయింది. కళ్లజోడమ్మాయి ఆ రెండూ చూసి తెల్లబోయింది. "ఇంత వేగం ఉండి మీరెందుకు వదులుకున్నారండీ?" అని అడిగితే, పొడుగక్క కొంగుతో చెమట తుడుచుకుంటూ, "దుప్పటికి రెండు చివరలుంటాయి కదమ్మా," అంది. ఆ పిల్ల ఆ మాట కాగితం మీద రాసుకుంది. తర్వాత నావైపు తిరిగి, "మరి ఇంట్లో మడతపెట్టేటప్పుడు అవతలి చివర ఎవరు పట్టుకుంటారండీ?" అంది. పరిశోధన కోసం అడిగిందో, తనకే అడగాలనిపించిందో.

"నా గడ్డం," అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. బస్సులో మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అదనపు జీతం బల్ల మీద పెట్టాను. ఉద్యోగం మానే మాట ఎవరూ ఎత్తలేదు. ఆరిన దుప్పటి తెచ్చి, అలవాటుగా గడ్డం కింద దోపుకోబోయి, ఆగిపోయాను. రెండు మూలలు పట్టుకుని నిలబడి, "ఏమండీ, ఇటొచ్చి ఆ చివర పట్టుకోండి," అన్నాను.

"మగాడి చేత దుప్పట్లా!" అంది మా అత్తగారు.

మీ తాతయ్య వాళ్లమ్మ వంక చూశాడు, బల్ల వంక చూశాడు, నా వంక చూశాడు. నేను మూలలు దించలేదు. లేచాడు. పట్టుకోవడం రాక మెలిపెట్టేశాడనుకో! పోయేదాకా ఆయన మడతలు వంకరే. అయినా మళ్లీ ఎప్పుడూ నా గడ్డానికి ఆ పని పడలేదు.

ఆ ప్రశ్న అడిగిన పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి. పరిశోధనలో ఏం తేలిందో నాకు తెలియదు. నీ తోటి చదివేవాళ్లకి చెప్పు తల్లీ, నా సంగతి మర్చిపోయినా సరే, పొడుగక్క డబ్బాలో పడని గుండీల సంగతి చెప్పు.

ఇదిగో, ఈ చివరి మడత నువ్వు వెయ్.