పీతలకు బదులు పీటలు

చిట్టి ఫోనులో అడిగినవి పీతలు. మావయ్య బండిలోంచి గుమ్మంలో దింపినవి పీటలు. నున్నగా చిత్రిక పట్టి, మూలలు గుండ్రంగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్కపీటలు.

"ఇవేంటి మావయ్యా?"

"ఏంటంటావేం? నువ్వడిగినవేగా! పెద్దవి, బరువైనవి, కాళ్ళు విరగనివి చూసి తెమ్మన్నావు. లాగి చూసుకో, ఒక్క కాలు ఊడినా నా పేరు మార్చుకుంటా."

చిట్టి నిజంగానే ఆ మాటలన్నీ అంది. కాకపోతే అన్నది కదిలే కాళ్ళ గురించి. మావయ్య జీవితమంతా కోత మిషను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న వడ్రంగి మేస్త్రి. చెవులు పోయాయని ఎవరైనా చెబితే అది కూడా వినపడదు ఆయనకి.

లోపల రొయ్యలు వలుస్తున్న చిట్టి మొగుడు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బస్సు కండక్టరు. బస్సులో జోకు పేల్చకుండా టిక్కెట్టు చింపడు.

"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్నారు గానీ, ఈ పీట కష్టాలు ఎవరి ఖాతాలో రాయాలి? చేపలు నేను తెచ్చాను కాబట్టి బతికిపోయాం. అవి కూడా మావయ్యగారికి చెప్పుంటే చాపలు మోసుకొచ్చేవారు!"

చిట్టి నవ్వలేదు. మొగుడి చేతిలో సంచీ పెట్టి మార్కెట్టుకి తరిమింది.

చిట్టి పేరుకే చిట్టి. యాభైకి దగ్గరపడిన మనిషి, పోస్టాఫీసులో పార్శిళ్ళ కౌంటరు ఆవిడది. వాళ్ళమ్మ చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని ఏడాది పొడుగునా ఊళ్ళోవాళ్ళ చేపలు కోసేది. ఏడాది చివరి సెలవు నాడు మాత్రం తన చేపలు తను కోసుకునేది. ఆ రోజు పొద్దున తీసిన వీధి తలుపు చీకటి పడేదాకా మూసేది కాదు. వీధిలో ఎవరైనా రావచ్చు, తినవచ్చు, పిలుపూ లేదు, పేరంటమూ లేదు. ఇప్పటి పిల్లలు దాన్ని ఓపెన్ హౌస్ అంటున్నారు. అమ్మ మాత్రం "తలుపు తీసే రోజు" అనేది.

అప్పట్లో ఈ ఇంట్లో కుర్చీలు తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కువ. అందుకని అందరూ నిలబడే తినేవారు. బఫే అనే మాట ఆ వీధిలోకి రాకముందే బఫే వచ్చేసింది. అన్నీ పరిచేది మావయ్య పనిబల్ల మీద. వెనక వీధిలో ఉన్న ఆయన షాపు నుంచి ఆ బల్లని నలుగురు పట్టుకుని మోసుకొచ్చేవారు. అమ్మ ఉప్పూ నిమ్మచెక్కా వేసి రుద్ది రుద్ది కడిగేది. అయినా సెలవులయ్యాక వారాల తరబడి మావయ్య చేసిన బీరువాలన్నీ చేపల కంపు కొట్టేవి. "మేస్త్రీ, ఇది బట్టలు పెట్టుకోవడానికా, వలలు పెట్టుకోవడానికా?" అని అడిగేవారు కొనుక్కున్నవాళ్ళు.

బల్ల కొసన చెక్కలు బిగించే ఇనప వైసు ఉండేది. పీతల గోళ్ళు పగలగొట్టడానికి ఊరంతట్లో అంతకంటే మంచి పనిముట్టు లేదని మావయ్య నమ్మకం. పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని వైసు ముందు వరస కట్టేవారు. మావయ్య పిడి తిప్పుతుంటే అమ్మ అరిచేది.

"మెల్లిగా తిప్పరా తమ్ముడూ! అది పీత గోరు, పగవాడి పీక కాదు!"

టప్‌మని గోరు పగిలేది, రసం మావయ్య చొక్కా మీద చిందేది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమనేవారు. చిట్టికి ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు వినపడేది ఆ చప్పుడే.

పోయిన వానల్లో అమ్మ పోయింది. ఆ తర్వాత మావయ్య షాపు మూసేశాడు. ఈ గడప తొక్కడమూ మానేశాడు. ఈ ఏడు తలుపు తియ్యకపోతే ఇక ఎప్పటికీ తియ్యలేమని చిట్టికి తెలుసు. అందుకే నెల రోజులుగా మనసులోనే వడ్డించుకుంటోంది. ఈ చివర ఐసు మీద రొయ్యలు, ఆ పక్కన ఉడికించిన ఆల్చిప్పలు, వాటి తర్వాత వేయించిన చేపలు, అన్నిటికీ నడుమ పీతలు. పీతల వంకనైనా మావయ్య వస్తాడని ఆయనకే అప్పగించింది. "బల్లలు అద్దెకి చెప్పానులే, నువ్వేమీ మొయ్యకు" అని కూడా అంది. ఆ మాట మాత్రం ఆయనకి శుభ్రంగా వినపడింది.

మొగుడు ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు.

"మార్కెట్టు మూసేశారు. పీతలు పక్కదారి పట్టాయి. వాటికి నడవడం వచ్చిందే పక్కకి కదా!"

అప్పటికి మావయ్యకి సంగతి బోధపడింది.

"పీతలా?" అన్నాడు. ముఖం చిన్నదైపోయింది. "నేను... సరే, బండిని పిలవండి. తీసుకుపోతాను."

"ఉండు మావయ్యా, ముందు దారిలోంచి తియ్యనీ." చిట్టి పైనున్న పీట ఎత్తింది. చెక్క మీద నల్లటి చార, కాల్చినట్టు, విల్లులా వంగి ఉంది. కింది పీట మీద అలాంటిదే ఇంకో చార, అటు తిరిగి. చిట్టి నేల మీద కూర్చుండిపోయి రెండు పీటలనీ పక్కపక్కన జరిపింది. రెండు విల్లులూ కలిసి గుండ్రటి మచ్చ అయ్యాయి.

అమ్మ పీతల కుండ మచ్చ. ఒక ఏడు తొందరలో పొయ్యి మీంచి దించి తిన్నగా బల్ల మీద పెట్టేసింది. ఎంత చిత్రిక పట్టినా పోలేదు.

"మావయ్యా, ఇది పనిబల్లేనా? కోసేశావా?"

"బల్లలు అద్దెకి చెప్పానన్నావు. ఇక నా బల్ల ఎవరికమ్మా? పీటలైతే నీ ఇంట్లో ఉంటాయి కదా అని." మచ్చ మీద వేలు పెట్టాడు. "రంపం పెట్టిన రోజు అన్నం సయించలేదు. రంపపు కోత అంటే ఏమిటో ఇన్నేళ్ళ పనిలో ఆ రోజే తెలిసింది."

"షాపు మూసినప్పుడే బల్ల కూడా అమ్మేసుంటావనుకున్నాను. అడిగితే బాధపడతావని అడగలేదు."

"అడగలేదని బాధపడ్డాను."

కండక్టరు ఒక పీట తిరగేసి చూశాడు. అడుగున పెన్సిలు గీత ఒకటి, బాణంలా.

"ఇదేంటి, మావయ్యగారూ?"

"వరస గుర్తులు. ఒక చెక్కలోంచి కోసిన ముక్కలకి వరస రాయకపోతే చెయ్యి ఊరుకోదు నాకు. పీటలకెందుకు వరస అంటే ఏం చెప్పను, అలవాటు!"

చిట్టి లేచి నిలబడింది. "అయితే వరసలో పెట్టు."

అద్దె బల్లల మీద, బాణం వెనక బాణంగా, మావయ్య పీటలు పేర్చుకుంటూ పోయాడు. కుండ మచ్చ కలిసింది. చిన్నప్పుడు చిట్టి మేకుతో గీకిన చేపబొమ్మకి తోక వచ్చి అతుక్కుంది. ఏదో ఏడాది ఒలికిన పులుసు మరక ఈ కొస నుంచి ఆ కొసకి మళ్ళీ పారింది. మావయ్య బండిలో తెచ్చుకున్న గోనెసంచీలోంచి వైసు తీసి, పారెయ్యబుద్ధి కాలేదని గొణుగుతూ దాని పాత చోటులోనే బిగించాడు. చిట్టి ఉప్పూ నిమ్మచెక్కా తెచ్చి రుద్దడం మొదలుపెట్టింది. తడిసిన చెక్కలోంచి సన్నగా చేపల వాసన లేచింది.

"హమ్మయ్య," అన్నాడు కండక్టరు ముక్కు మూసుకుని, "ఇప్పుడు అత్తగారు వచ్చినట్టుంది."

తలుపు తీశారు. పక్కింటి నర్సమ్మ వచ్చింది, తర్వాత టైలరు కుటుంబం, ఆ తర్వాత వీధి వీధంతా. వచ్చినవాళ్ళు వచ్చినట్టే బల్ల చూసి ఆగిపోయారు. ఆ వెంటనే వైసు చూసి అడిగారు, "పీతలేవీ?" ఇది మేకపిల్లల్లా దూకే పిల్లల నుంచి మోకాళ్ళ నొప్పుల ముసలాళ్ళ దాకా అందరి ప్రశ్నే. చెప్పి చెప్పి చిట్టి గొంతు పోయింది. చివరికి కుర్చీ ఎక్కి నిలబడింది.

"ఇదిగో, అందరూ వినండి! మళ్ళీ చెప్పను. నేను పీతలన్నాను, మా మావయ్యకి పీటలని వినపడింది. అది ఆయన చెవి తప్పు. బల్ల అమ్మేశాడని నేననుకున్నాను, బల్ల నాకక్కర్లేదని ఆయన అనుకున్నాడు. అది నా నోటి తప్పు, అడగాల్సింది అడగలేదు. అందుకని ఈ ఏడు పీతల్లేవు. మా అమ్మ బల్ల ఉంది. తినండి!"

వైసు పక్కన నిలబడ్డ మావయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమంటోంది?"

కండక్టరు ఆయన చెవిలో బస్సంతా వినపడేట్టు అరిచాడు.

"మీకు పెద్దపీట వేశామంటోంది!"

"వెయ్యడానికి మీరెవరయ్యా?" అన్నాడు మావయ్య బల్ల మీద చెయ్యి వేసి. "వేసింది నేను!"