నిచ్చెన చివరి మెట్టు

అల్లుడు చంద్రుడి మీద దిగబోతున్నాడని ఇనుప సామాను కొట్టుకి మేకుల కోసం వచ్చిన ప్రతివాడికీ తెలుసు. చాటింపు వేసింది అల్లుడే. రెండు దేశాలు చంద్రుడి కోసం పోటీపడే కొత్త టీవీ సీరియల్లో, నిచ్చెన దిగి మొట్టమొదట అక్కడ కాలు పెట్టేది తనేనని చెప్పాడు. ఆ చంద్రుడు జల్లించిన బూడిదేనని కూడా చెప్పాడు. ఒక్క విషయంలోనే నోరు విప్పలేదు. మొహం కనబడాల్సినప్పుడు ఆ వ్యోమగామి దుస్తుల్లో హీరో ఉంటాడు, బరువు మొయ్యాల్సినప్పుడు తనుంటాడు.

కొట్టు అత్తగారిది. షూటింగులు లేని రోజుల్లో, అంటే దాదాపు రోజూ, అతను అక్కడే పనిచేస్తాడు. ఆవిడ పిలుపులో "గారు" ఎప్పుడూ తగ్గదు. గారు తగిలించాక ఎంత మాటైనా అనొచ్చని ఆవిడ నమ్మకం.

"అల్లుడుగారూ, కిందటిసారి శవం వేషమన్నారు, దుప్పటి కప్పేశారు. అంతకుముందు పెళ్ళి గుంపులో వీపు చూపించారు. ఈసారైనా మీ మొహం నాకు టీవీలో కనబడాలి. లేదంటే ఆ వేషాలకి దణ్ణం పెట్టేసి కొట్లో కూర్చోండి."

"అలాగే అత్తయ్యగారూ," అన్నాడు పైకి. వేషాలు మానడం మాత్రం అతని వల్ల కాదు. వేషం వేసిన రోజే తనూ ఒక మనిషినని అతనికి అనిపిస్తుంది, శవం వేషమైనా సరే.

ఆ కొట్లో ఆవిడ పెట్టిన చట్టం ఒకటుంది. అటక నిచ్చెన చెప్పులతో ఎక్కకూడదు, మెట్లకి మట్టి అంటుతుంది. అతను కింద విప్పి ఎక్కుతాడు. దిగేసరికి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తగిలి అవి ఎటో పోయుంటాయి. చంకలో డబ్బా ఉండగా కిందికి చూడలేడు కాబట్టి, చివరి మెట్టు మీద నిలబడి కాలితో తడుముకోవడం అలవాటైపోయింది.

ఆ ఎపిసోడ్ వచ్చే సాయంత్రం అత్తగారు, భార్య, బావమరిది టీవీ ముందు చేరారు. సీరియల్ ధర్మం ప్రకారం రాకెట్ కిందికి దిగేలోపు మూడుసార్లు సబ్బుల ప్రకటనలు వచ్చాయి.

"అవతలి దేశంవాళ్ళు ఈపాటికి దిగి, చూసి, బోరుకొట్టి వెళ్ళిపోయుంటారు బావా," అన్నాడు బావమరిది.

చివరికి తలుపు తెరుచుకుంది. తెల్లటి దుస్తుల్లో ఒక మనిషి వెనక్కి తిరిగి నిచ్చెన దిగుతున్నాడు. తలకి పెద్ద హెల్మెట్టు. దాని అద్దంలో లైట్ల మెరుపు తప్ప ఇంకేమీ లేదు.

"అందులో గుమ్మడికాయ పెట్టినా తేడా తెలీదు కదండీ అల్లుడుగారూ," అన్నారు అత్తగారు.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. అతనికి కొట్లో కుర్చీ కళ్ళముందు కదిలింది.

చివరి మెట్టు వచ్చింది. సంగీతం మిన్నంటింది. మానవజాతి తరఫున కిందికి దిగాల్సిన కాలు గాల్లో ఆగింది. ఎడమకి వెళ్ళింది, కుడికి వచ్చింది, మళ్ళీ ఎడమకి వెళ్ళి తడిమింది. అప్పుడుగాని నేల మీద పడలేదు.

అతను కొయ్యబారిపోయాడు. అలా చేశానని తనకే తెలియదు. షూటింగు రోజున డైరెక్టరు భుజం తట్టి, "కొత్త నేలంటే ఆ మాత్రం భయం ఉండాలి, బాగా పట్టావు," అంటే, దేని గురించో అర్థం కాకపోయినా థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

అత్తగారు కుర్చీలో ముందుకి జరిగారు. "చెప్పులు," అన్నారు.

బావమరిది గుమ్మం వైపు చూశాడు.

"చంద్రుడి మీద చెప్పులు వెతుక్కునేవాడు మా అల్లుడు తప్ప ఇంకెవడుంటాడే," అని కూతురి వైపు తిరిగి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"మొహం కనబడలేదండీ అత్తయ్యగారూ," అన్నాడతను, తనే ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందేమోనన్న ఆశతో. "దగ్గర్నుంచి చూపించే మొహం హీరోగారిది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు అటక మీంచి బోల్టుల డబ్బా చంకన పెట్టుకుని దిగుతుంటే, కింద ఆవిడ ఎవరో మేస్త్రీతో అంటున్న మాటలు వినబడ్డాయి.

"మొహాలదేముందయ్యా, ఎవరైనా చూపిస్తారు. కాలితో నటించమను చూద్దాం."

చివరి మెట్టు మీద ఆగి అలవాటుగా కాలు చాచాడు. తడుముకోవాల్సిన పని లేకపోయింది. రెండు చెప్పులూ సరిగ్గా కాలి కిందికి, జతగా జరిపి పెట్టి ఉన్నాయి.

"మళ్ళీ షూటింగు ఎప్పుడండీ అల్లుడుగారూ?" అన్నారావిడ, మేకులు తూస్తూ, తల ఎత్తకుండానే.