అందం నీ సబ్జెక్టు కదా

మొగుడి చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది తత్త్వశాస్త్రం హెడ్డుగారు. అవును, హెడ్డే. రిటైరవడానికి పదినెలల ముందు, పోనీలే పాపం అన్నట్టు ఇచ్చారా కుర్చీ. అవతల సౌందర్యశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరిన లెక్చరర్ పిల్ల. ఈవిడ సబ్జెక్టూ అదే.

"రేపటి సెమినార్లో పదింటికి నా పేపరుంది కదా మేడమ్, ఒక్కసారి చూసిపెడతారా?"

"చూస్తాలేమ్మా. అన్నట్టు, పొద్దున్నే వచ్చి స్టేజీ సంగతి చూడు. పూలూ, బ్యానరూ, అతిథుల టీలూ. అందం నీ సబ్జెక్టు కదా!"

పిల్ల నవ్వింది. "అలాగే మేడమ్" అని పెట్టేసింది.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కూలబడింది ఆవిడ. ఎవరి మాట అది? తన నోట్లోంచి ఎలా ఊడిపడింది? ఇరవై ఆరేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన వారానికే అప్పటి హెడ్డుగారు తనతో అన్న మాట, పొల్లు పోకుండా. ఆనాటి నుంచి ప్రతి సెమినార్లోనూ మగవాళ్లు లోపల నీతి గురించి వాదించుకుంటుంటే, ఈవిడ గుండుసూదులు నోట్లో పెట్టుకుని బల్లలకి గుడ్డ కుచ్చులు పెట్టింది. తన పేపరు ఎప్పుడూ ఆఖర్న, కుర్చీలు ఖాళీ అయ్యాక. ఎదుటి మనిషిని సరిగ్గా చూడటం కూడా ఒక ధర్మమే, అందాన్ని చూడటం నేర్చినవాళ్లకే అది చేతనవుతుంది. ఇదీ ఆవిడ రాయాలనుకున్న పుస్తకం. రెండు అధ్యాయాల దగ్గర ఆగింది. "అందం మీద పుస్తకమట, ముందు వంటింటి గట్టు చూసుకోమను" అని అత్తగారు. "నీతి క్లాసు కాలేజీలోనే వదిలేసి రావోయ్" అని మొగుడు. వాళ్లననేం లాభం, వాళ్లా సబ్జెక్టు చదవలేదు. ఈవిడ చదివింది, చెప్పింది, పరీక్షలు పెట్టి మార్కులేసింది. ఎదురుగా ఉన్న పిల్లని మాత్రం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"చొక్కా అయిందా?" హాల్లోంచి మొగుడు.

"కాలేదు. మిగతాది మీరు చేసుకోండి" అని మళ్లీ ఫోను కలిపింది.

"తప్పు మాటన్నానమ్మా. నువ్వు పేపరు చదువు, చాలు. స్టేజీ జోలికి వెళ్లకు."

"అయ్యో, మరెవరు చేస్తారు మేడమ్?"

"ఎవరూ చెయ్యరు. బోసిగా ఉంటే కొంపలేం మునగవు."

"నాకేం కష్టం లేదు మేడమ్. మీరు సరదాగా అన్నారని నవ్వేశానుగా."



"అదేనమ్మా చెబుతున్నా. ఇంకెప్పుడూ నవ్వకు. ఆ రోజు నేనూ నవ్వాను."